ఏడు నిమిషాల వీపు

సినిమాలో మనిషి కెమెరాకి వీపు తిప్పితే మామూలు జనానికి వీపు కనిపిస్తుంది. డబ్బింగు జనానికి ఖాళీ జాగా కనిపిస్తుంది.

ముఖం తెర మీద ఉన్నంతసేపూ రాసేవాళ్ళకి నరకమే. ఆ విదేశీ మహానుభావుడు పెదాలు మూసినప్పుడల్లా హిందీలో కూడా పెదాలు మూసే అక్షరమే పడాలి. అతను నోరు తెరిచి ఉండగా మాట అయిపోకూడదు, మూశాక మాట మిగలకూడదు. వాళ్ళ భాషలో ప్రేమను రెండు ముక్కల్లో తేల్చేసి అతను చక్కగా నోరు మూసుకుంటాడు. హిందీలో దానికి ఐదు ముక్కలు కావాలి. మిగిలిన మూడూ ఎక్కడ దాచాలో తెలియక రాసేవాళ్ళు తల గోడకేసి కొట్టుకోవాలి. అదే అతను వీపు తిప్పాడా, బతికిపోయాం. వీపుకి పెదాలుండవు. ఏం మాట్లాడించినా అడిగే నాథుడు లేడు.

ఈ విద్యలో రైటరమ్మని కొట్టేవాళ్ళు ఆ స్టూడియోలో లేరు. పదిహేనేళ్ళుగా విదేశీ సినిమాలకి హిందీ మాటలు రాస్తోంది. ముందు అందరూ మేడమ్ అనేవారు, తర్వాత వీపు మేడమ్ అన్నారు, ఆవిడ కూడా పట్టించుకోవడం మానేసింది. ఒక జలాంతర్గామి సినిమాలో కెప్టెన్ నాలుగు సెకన్లు అటు తిరిగితే, ఆ నాలుగు సెకన్లలో అతని చేత మోకాలి నొప్పి గురించి చెప్పించి, వంటవాడిని తిట్టించింది. ఒక దయ్యం సినిమాలో దయ్యం గోడవైపు తిరిగి నిలబడితే, "అబ్బబ్బ, ఈ ఇంట్లో ఏం ఉక్కరా నాయనా" అనిపించింది. హాల్లో జనం ఈలలు వేశారట. అసలు సినిమాలో ఆ దయ్యం మూగది.

ఇదంతా స్టూడియో పెద్ద పెట్టిన పద్ధతి. ఆయన రెండు వాక్యాలకోసారి "ప్రేక్షకుడి చేతిలో రిమోటు ఉంది మేడమ్" అంటాడు కాబట్టి ఆయనకి రిమోటు అని పేరు పడింది. ఆయన లెక్క ప్రకారం ప్రపంచంలో ఏ ప్రేక్షకుడూ మూడు సెకన్లకి మించి నిశ్శబ్దాన్ని భరించలేడు. అంతకు మించితే లేచి పోతాడు, లేదా చానల్ మారుస్తాడు, లేదా మెకానిక్కుకి ఫోన్ చేస్తాడు. ఈ సంగతి ఆయనకెలా తెలుసని అడిగితే తెలుసంతే.

స్టూడియోలో ఇంత పేరున్న రైటరమ్మకి ఇంట్లో ఉన్న పేరు వేరు. ఇంట్లో ఆవిడ హంతకురాలు. అన్నది మావగారు.

మావగారు బీమా ఆఫీసులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశారు, అది జీతం కోసం. ప్రాణం కోసం ఇరవై ఆరేళ్ళు ఒక ఫిల్మ్ క్లబ్బుకి కార్యదర్శిగా చేశారు. నెలకి రెండు విదేశీ సినిమాలు తెప్పించి, ఇరుకు హాల్లో ఇనప కుర్చీలు వేయించి, నలభై మందికి చూపించేవారు. కింద అక్షరాలు పడుతుంటే చదువుకుంటూ, అసలు గొంతుల్ని అసలు భాషలో వినడమే సినిమా చూడటమని ఆయన నమ్మకం. ఆయనకి హిందీ బ్రహ్మాండంగా వచ్చు. ఉద్యోగమంతా హిందీవాళ్ళ మధ్యే గడిచింది. అదే వచ్చిన చిక్కు. కోడలు రాసిన ప్రతి ముక్కా ఆయనకి అర్థమవుతుంది.

రోజూ సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పీ విప్పకముందే ప్రశ్న వచ్చేది.

"ఇవాళ ఎన్ని సినిమాల్ని చంపొచ్చావమ్మాయ్?"

"రెండే మావయ్యగారూ. మూడోది కొన ఊపిరితో ఉంది, రేపు ఉదయం చూస్తాను."

"శవాలకి కాస్త గౌరవం ఇస్తున్నారా, లేక వాటి చేత కూడా జోకులు వేయిస్తున్నారా?"

"వీపు తిప్పితేనే వేయిస్తున్నామండి."

చూసేవాళ్ళకి ఇదంతా సరదాగానే ఉండేది. ఆవిడకి కూడా మొదట్లో సరదాగానే ఉండేది. కానీ పదిహేనేళ్ళలో ఆవిడ రాసిన సినిమా టీవీలో ఎప్పుడు వచ్చినా, మావగారు రెండు నిమిషాలు విని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. తిడితే తట్టుకోవచ్చు. ఆ లేవడాన్ని తట్టుకోవడం కష్టం. ఒక్క సినిమా, తన జన్మలో ఒక్కటంటే ఒక్క సినిమా ఆయన కుర్చీలోంచి లేవకుండా చివరిదాకా చూస్తే చాలని ఆవిడ కోరిక. ఈ కోరిక ఆవిడ మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతాడు. అతను సినిమా మొదలైన పావుగంటకి గురక పెట్టే రకం.

నిజం చెప్పాలంటే తప్పు ఆవిడ వైపు నుంచి కూడా మొదలైంది. పెళ్ళైన కొత్తలో, మొదటి వారంలోనే, మావగారు ముందుగదిలో కోడలికి తన ప్రాణమైన సినిమా వేసి చూపించారు. ఎక్కడో మంచు దేశం. ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు బూట్లు కుడతాడు. ఏదో మాట పట్టింపొచ్చి ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే బల్ల, ఒకే పొయ్యి, మాట మాత్రం లేదు. ఆఖరికి అన్నకి జబ్బు చేస్తుంది. మధ్యాహ్నం బస్సుకి పెద్దాసుపత్రికి వెళ్ళాలి, తిరిగొచ్చే ఆశ లేదు. అన్న పక్కగదిలో పడుకుని ఉండగా తమ్ముడు అన్న బూటు తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, మనకి వీపు పెట్టి దాన్ని కుడతాడు. ఏడు నిమిషాలు. మాట లేదు, పాట లేదు, సంగీతం లేదు. కుట్టడం అవగానే సినిమా అయిపోతుంది.

"నాలుగో నిమిషంలో ఎడమ భుజం ఒక్క అంగుళం దిగుతుంది" అని మావగారు ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. "ఇరవై ఏళ్ళ పంతం ఆ అంగుళంలో దిగిపోతుంది. ఆ అంగుళం కోసం నేనీ సినిమా పదకొండుసార్లు చూశాను. ముఖంతో నటించేవాళ్ళు లక్షమంది. వీపుతో నటించినవాడు వీడొక్కడే."

కొత్త కోడలు ఆ ఏడు నిమిషాల్లో ఆరు నిమిషాలు హాయిగా నిద్రపోయింది. సినిమా అయిపోయాక లేచి, "బాగుంది మావయ్యగారూ, చాలా బాగుంది" అంది. ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ లేవడం ఆ రోజు మొదలైంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఏడాదిగా మావగారికి కళ్ళు మందగించాయి. కొడుకు వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చూపు నడిమి భాగం చెడిపోయిందట, అంచులు బాగానే ఉన్నాయట, ఇక చదవడం కష్టమట. ఇంటికొచ్చి అదే చెప్పాడు. మావగారు మాత్రం దాన్ని కూడా ఒప్పుకోలేదు. "నా కళ్ళకేం కాలేదు. ఈ మధ్య అక్షరాలు చిన్నవిగా వేస్తున్నారు, పిసినారి వెధవలు" అన్నారు. కానీ అల్మారాలో వరుసగా పేర్చుకున్న సినిమాల పెట్టెలు ఆరు నెలలుగా ముట్టుకోలేదు. ఉదయం పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకునేవారు, అరగంటైనా పేజీ తిరిగేది కాదు. ఇంట్లో మాత్రం తడుముకోకుండా నడిచేవారు, గొంతు వినకముందే మనుషుల్ని పోల్చుకునేవారు. కాబట్టి అందరూ అక్షరాలు తప్ప మిగతావన్నీ కనిపిస్తున్నాయనే అనుకున్నారు.

ఇంకో కొత్త అలవాటు కూడా వచ్చింది. ఎవరైనా మాట్లాడితే తిన్నగా చూడటం మానేశారు. తల పక్కకి తిప్పి కంటి చివర నుంచి చూసేవారు. 'ఇదొకటి తక్కువైంది' అనుకుంది రైటరమ్మ. 'ఇన్నాళ్ళూ మాటలతో పొడిచారు, ఇప్పుడు ఎదురుగా చూడ్డానికి కూడా నేను పనికిరావడం లేదు కాబోలు.' మనసులోనే అనుకుని పళ్ళు నూరుకుంది.

సరిగ్గా అప్పుడే స్టూడియోకి పది సినిమాల కట్ట వచ్చింది. నాలుగు సొరచేపలవి, మూడు పాములవి, రెండు గ్రహాంతరవాసులవి. పదోది కొసరు. ఎవరూ కొనరని కట్టలో ఊరికే పడేశారు. రైటరమ్మ ఆ కొసరు తెరిచింది. మంచు, చిన్న ఇల్లు, బల్లకి రెండు చివర్ల కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు.

ఇది మావగారి బూట్ల సినిమా.

ఆ రోజు పని గదిలో తలుపేసుకుని ఆ ఏడు నిమిషాలూ మొదటిసారి మెలకువగా చూసింది. నాలుగో నిమిషంలో భుజం దిగింది. సరిగ్గా అంగుళం. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ దిగింది. నాలుగుసార్లు చూశాక ఆవిడకి ఏడుపొచ్చింది. 'అయ్యో పెద్దాయనా, ఈ అంగుళం ముందు కూర్చోబెట్టా మీరు నన్ను, నేనేనా నిద్రపోయింది' అనుకుంది. ఆ తర్వాత ఆవిడకి తోచింది ఒక్కటే. ఆయన ఇక కింద అక్షరాలు చదవలేరు. ఆ భాష ఆయనకి రాదు. ఈ సినిమా ఆయన మళ్ళీ చూడాలంటే హిందీలో వినాలి. హిందీలో రాసేది తను. ఆ ఏడు నిమిషాలూ చెక్కు చెదరకుండా ఆయనకి అందించాలి. అప్పుడైనా లేవకుండా కూర్చుంటారా లేదా చూడాలి.

రిమోటు కూడా ఆ ఏడు నిమిషాలు చూశాడు. ఆయనకి కూడా కళ్ళు చెమ్మగిల్లాయి, ఆనందంతో.

"ఏడు నిమిషాల వీపు మేడమ్! నా సర్వీసులో ఇంత పెద్ద వీపు చూళ్ళేదు. ఇది వీపు కాదు, ఎకరం స్థలం. కట్టేసెయ్యండి!"

"ఇది ఊరికే ఉండాల్సిన చోటు సార్."

"ఊరికే ఉండాలంటే ప్రేక్షకుడు పార్కుకి పోతాడు మేడమ్, మన దగ్గరికెందుకొస్తాడు? చేతిలో రిమోటు ఉంది. ఏడు నిమిషాలు చప్పుడు లేకపోతే టీవీ పాడైందనుకుంటాడు."

"అనుకోడు సార్. చూస్తాడు. కళ్ళున్నాయి కదా."

"కళ్ళు ఎవరిక్కావాలి మేడమ్? మన ప్రేక్షకుడు కూర తరుగుతూ చూస్తాడు, బట్టలు మడతపెడుతూ చూస్తాడు. మన సినిమాలు చెవులతో చూసేవి. రాయండి. 'అన్నయ్యా, చిన్నప్పుడు నువ్వు నన్ను భుజాల మీద ఎత్తుకుని' అని మొదలుపెట్టండి. మిగతాది మీకు చెప్పాలా!"

రాసింది. ఉద్యోగం కదా, రాయక చస్తుందా. నలభై మూడు ముక్కలు రాసింది. భుజాల మీద ఎత్తుకోవడం వచ్చింది, అమ్మ చివరి మాట వచ్చింది, సగం రొట్టె పంచుకోవడం వచ్చింది, 'నన్ను క్షమించు అన్నయ్యా' మూడుసార్లు వచ్చింది. గొంతు ఇవ్వడానికి గంభీరంగారు వచ్చారు. విదేశాల నుంచి ఏ ముసలివాడొచ్చినా ఆ స్టూడియోలో గంభీరంగారి గొంతుతోనే మాట్లాడతాడు. రాజులు, శాస్త్రవేత్తలు, మాట్లాడే ఎలుగుబంటి, అందరూ ఆయనే. ఆయన మైకు ముందు నిలబడి, "మేడమ్, ఇతను ఎలుగుబంటి కంటే మెత్తనా, గట్టా?" అని అడిగి తెలుసుకుని, నలభై మూడు ముక్కలూ ఏడుస్తూ చెప్పారు. నిజంగానే ఏడ్చారు పాపం. అద్దం ఇవతల అందరూ చప్పట్లు కొట్టారు. రిమోటు కర్చీఫ్ తీశాడు.

రైటరమ్మ మాత్రం ఆ ఘట్టం వెనక్కి తిప్పి చూసింది. తెర మీద భుజం అంగుళం దిగిన క్షణంలో గంభీరంగారు "ఈ భుజం మీదే కదా అన్నయ్యా నువ్వు చెయ్యి వేసేవాడివి" అంటున్నారు. ఆ గోలలో భుజం దిగినట్టు ఎవరికీ తెలియదు. మావగారు అన్న మాట మొదటిసారి అక్షరాలా నిజమనిపించింది. ఇది హత్యే.

ఆవిడ తిన్నగా రిమోటు గదికి వెళ్ళింది.

"ఆ నలభై మూడూ తీసేయండి సార్."

"మేడమ్, ఒంట్లో బాగుందా?"

"బేరానికొచ్చాను. ఆ ఏడు నిమిషాలూ నాకొదిలేయండి. దానికి బదులు ఏడు జోకులిస్తాను. అందులో పోస్ట్‌మాన్ ఉన్నాడు కదా, ఉత్తరాలిచ్చి ఊరికే వెళ్ళిపోతాడు. అతన్ని తిక్కలోడిని చేసేస్తాను. సైకిల్ తొక్కేటప్పుడు మూడుసార్లు వీపు తిప్పుతాడు."

రిమోటు కుర్చీలో ముందుకి జరిగాడు.

"మేక ఉంది కదా మేడమ్ పెరట్లో?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఉంది."

"మేకకి కూడా పెట్టాలి."

"పెడతాను."

"కనీసం ఆ ఏడు నిమిషాల్లో ఒక వయొలిన్ అయినా..."

"ఏమీ వద్దు సార్. చప్పుడు లేదంటే లేదంతే. కావాలంటే మేకకి రెండు పెట్టుకోండి."

"సరే. కానీ మేడమ్, అక్కడ జనం పారిపోయారంటే తర్వాతి కట్ట మొత్తం పై అంతస్తు రైటరుకి వెళ్తుంది. తర్వాత నా దగ్గర ఏడవకూడదు."

"ఏడవను."

అలా కుదిరింది ఒప్పందం. పోస్ట్‌మాన్‌ని తిక్కలోడిని చేసింది. మేక నోరు విప్పింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ మాట్లాడుకోని ఆ ఇంట్లో మేకొక్కటే లోకాభిరామాయణం చెప్పింది. రాస్తున్నంతసేపూ ఆవిడకి సిగ్గేసింది. అయినా ఆ ఏడు నిమిషాలూ దక్కాయి. పోతే పోనీ, మేకకేం పోయింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ప్రశ్న సిద్ధంగా ఉంది.

"ఇవాళ ఎన్నమ్మాయ్?"

"ఒక్కటే మావయ్యగారూ. మీ బూట్ల సినిమా."

మావగారి చేతిలో కాఫీ కప్పు ఉంది, దాన్ని తడిమి బల్ల మీద పెట్టారు.

"దాన్ని కూడానా" అన్నారు. వెటకారం లేదు గొంతులో. అదే ఆవిడకి ఇంకా గుచ్చుకుంది.

"వీపు దగ్గర ఏం వాగించావ్?"

"ఏమీ వాగించలేదు. ఒక్క అక్షరం కూడా."

"నమ్మను."

"ఆదివారం మధ్యాహ్నం కాపీ తెస్తాను. నా మాట నమ్మొద్దు, మీ కళ్ళతో మీరే చూడండి."

ఆయన తల పక్కకి తిప్పి, ఆ కొత్త అలవాటు ప్రకారం, కంటి చివర నుంచి ఆవిడ వైపు చూశారు. చాలాసేపు చూశారు. "సరే. చూస్తాను" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మొగుడు యథాప్రకారం సోఫాలో కూర్చుని పావుగంటలో గురక మొదలుపెట్టాడు. మావగారు తన కుర్చీ టీవీకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి వేయించుకున్నారు. 'లేచి పోవడానికి దారి చూసుకుంటున్నారు' అనుకుంది రైటరమ్మ. గోడవారగా స్టూలు వేసుకుని కూర్చుంది. సినిమా సంగతెలా ఉన్నా ఆవిడ చూపంతా ఆ కుర్చీ చేతుల మీదే ఉంది. ఆయన వేళ్ళు చేతుల్ని పట్టుకుంటే అయిపోయినట్టే.

రెండు నిమిషాలు గడిచాయి. లేవలేదు. పది నిమిషాలు. లేవలేదు. పోస్ట్‌మాన్ వచ్చాడు, సైకిల్ మీద వీపు తిప్పి, "ఈ ఇంట్లోవాళ్ళకి ఉత్తరాలెందుకో, ఎదురెదురుగా కూర్చుని కూడా ఒకడికొకడు రాసుకోరు" అన్నాడు. రైటరమ్మ సిగ్గుతో తల దించుకుంది. అప్పుడు ఒక వింత చప్పుడు వినిపించింది. మావగారు నవ్వారు. ఇరవై ఆరేళ్ళ ఫిల్మ్ క్లబ్బు కార్యదర్శి, డబ్బింగుల పాలిట యముడు, పోస్ట్‌మాన్ జోకుకి కిసుక్కున నవ్వారు. మేక మాట్లాడినప్పుడైతే, "ఓరి దీని దుంపతెగ" అని తొడ మీద చరిచి మరీ నవ్వారు. ఆవిడకి తన చెవుల్ని తను నమ్మాలో లేదో తెలియలేదు.

'మేకకే ఇంత మురిసిపోతే, వీపు దగ్గర ఏమైపోతారో' అనుకుంది. ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది.

వచ్చింది ఆ ఘట్టం. కిటికీ, వెలుతురు, తమ్ముడి వీపు. గదిలో గురక తప్ప చప్పుడు లేదు. ఒక నిమిషం గడిచింది. ఇంత శుభ్రమైన నిశ్శబ్దం హిందీలో ఇంతకు ముందు ఎవరూ విని ఉండరు. దాని కోసం ఒక మేకని అమ్ముకుంది తను.

రెండో నిమిషంలో మావగారు కుర్చీలో కదిలారు. తల ఇటు తిప్పారు, అటు తిప్పారు. వేళ్ళు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. ఆవిడ ప్రాణాలు పైకే పోయాయి.

"టీవీ పాడైందా అమ్మాయ్?" అన్నారు మావగారు.

"లేదు మావయ్యగారూ. అదే... ఆ ఘట్టం. మీ ఘట్టం."

"ఏది?"

"బూటు కుడుతున్నాడు."

ఆయన చేతులు కుర్చీ మీద అలాగే ఉన్నాయి. లేవలేదు, కూర్చోలేదు. మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగారు.

"వీపు ఇప్పుడేం చేస్తోందమ్మాయ్?"

అప్పుడు తెలిసింది ఆవిడకి. పక్కకి వేయించుకున్న కుర్చీ, పక్కకి తిప్పిన తల, తడిమి పెట్టిన కాఫీ కప్పు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆయనకి పోయింది అక్షరాలొక్కటే కాదు. నడిమి చూపంతా పోయింది. ఎంత పక్కకి తిరిగి చూసినా టీవీ ఆయనకి ఒక మసక మచ్చే. ఇంతసేపూ ఆయన సినిమా చూడలేదు, విన్నారు. పోస్ట్‌మాన్‌ని విన్నారు, మేకని విన్నారు, అందుకే నవ్వారు. వినడానికేమీ లేని ఏకైక చోటు, సినిమా మొత్తంలో ఆయన ప్రాణమైన ఏడు నిమిషాలు. ఆ చోటు ఖాళీగా ఉండాలని ఉద్యోగం పణంగా పెట్టి పోట్లాడి మరీ సాధించింది ఈ మహాతల్లి.

'నన్ను చెప్పు తీసుకుని కొట్టాలి' అనుకుంది. కానీ తెర మీద సూది ఆగేట్టు లేదు. స్టూలు లాక్కుని ఆయన కుర్చీ పక్కకి జరిగింది. చెవి దగ్గరికి వంగింది.

"కిటికీ దగ్గర కూర్చున్నాడు మావయ్యగారూ. వెలుతురు అటునుంచి వస్తోంది. బూటు ఒళ్ళో ఉంది."

"అది నాకు తెలుసు. సూది?"

"దూర్చాడు. లాగుతున్నాడు. దారం పొడుగ్గా ఉంది, మోచెయ్యి పక్కకొచ్చింది."

"ఇప్పుడు ఆగుతాడు చూడు."

"ఆగాడు."

"అన్న దగ్గాడేమోనని వింటున్నాడు. తల కదిలిందా?"

"కాస్త. పక్కగది వైపు."

"ఆఁ. మళ్ళీ మొదలెడతాడు."

"మొదలెట్టాడు. బూటులోపల చెయ్యి పెట్టాడు మావయ్యగారూ. పెట్టి అలాగే ఉంచాడు."

"అన్న పాదం ఉండే చోటది" అన్నారు మావగారు. "వచ్చేసింది. దిగిందా?"

"ఇంకా లేదు."

"చూస్తూ ఉండు. రెప్ప వెయ్యకు. ఆ రోజులా నిద్రపోకు."

"పోను."

"దిగిందా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు. తెర అలుక్కుపోతోంది. చీర కొంగుతో గబగబా తుడుచుకుని చూసింది.

"దిగింది మావయ్యగారూ."

"ఎంత?"

"అంగుళం. సరిగ్గా అంగుళం."

మావగారు కుర్చీలో వెనక్కి వాలారు. పట్టుకున్న చేతులు వదిలేశారు. మిగిలిన మూడు నిమిషాలూ ఆవిడ చెబుతూనే ఉంది. కుట్టు ముడి వేయడం, దారం పళ్ళతో కొరకడం, బూటు తలుపు దగ్గర పెట్టడం, అన్నీ. నలభై మూడు ముక్కల్లో ఒక్కటి కూడా అందులో లేదు. పదిహేనేళ్ళు హిందీలో చేసిన మనిషి తెలుగులో చేసిన మొదటి డబ్బింగు అది. పెదాల లెక్క లేదు, రిమోటు లేడు, రెండో టేకు లేదు.

పేర్లు పడుతుంటే సోఫాలో మొగుడికి మెలకువ వచ్చింది.

"అయిపోయిందా? ఎలా ఉంది నాన్నా?"

"మేక ఫర్వాలేదు" అన్నారు మావగారు. అతను మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు.

కాసేపాగి ఆయన కోడలి వైపు తిరిగారు. పాత వెటకారం గొంతులోకి తెచ్చుకోవాలని చూశారు, సగమే వచ్చింది.

"ఏమ్మా, ఏడు నిమిషాలు చేతికిస్తే ఊరికే వదిలేస్తారా ఎవరైనా? మాటలు రాయడమే కదా నీ ఉద్యోగం?"

"రాశాను మావయ్యగారూ. నలభై మూడు ముక్కలు. తీయించేశాను."

"ఎందుకు?"

"మీరు చూస్తారని."

ఆయన నవ్వుతారనుకుంది, నవ్వలేదు. కళ్ళజోడు తీసి, లుంగీ అంచుతో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఏ ఉపయోగమూ లేని కళ్ళజోడు అది.

"వాడికి చెప్పకు" అన్నారు సోఫా వైపు తల ఊపుతూ. "ఇంకో డాక్టరు, ఇంకో డాక్టరు అని ఊరంతా తిప్పుతాడు."

"చెప్పను."

"అయితే వీపు దగ్గరికి వెనక్కి తిప్పు. ఈసారి సూది దగ్గర నిదానంగా చెప్పు. ఇందాక తొందరపడ్డావ్."

ఆవిడ వెనక్కి తిప్పింది. కిటికీ వచ్చింది, వెలుతురొచ్చింది. మొదలుపెట్టబోతూ ఒకసారి ఆయన ముఖంలోకి చూసింది. మావగారు తెర వైపే ముఖం పెట్టి, కంటి చివర నుంచి చూస్తున్నారు. ఆ చూపులో పడేది తెర కాదు, పక్కన స్టూలు మీద కూర్చున్న కోడలు.

"నిద్రపోయావా అమ్మాయ్?" అన్నారు. "మాట్లాడు."